కాలు కింద పెట్టకుండా

ఈ వారం ఉసిరికాయ తొక్కు గురించి రాస్తానని కిందటి సంచికలో మాటిచ్చాను. అది వచ్చే వారం. కాయలు కూడా ఈలోగా ఇంకాస్త ముదురుతాయి లెండి. మధ్యలో నరసరావుపేట నుంచి ఒక సోదరి ఉత్తరం వచ్చింది. అది చదివాక నా చేయి ఊరుకోలేదు.

వాళ్ళాయన ఎక్కడో పాత ఇనప సామాన్ల కొట్లో పడి ఉన్న బులెట్ బండిని కొనుక్కొచ్చి, వంటింటి పక్క వరండాలో విప్పి పరిచారట. నాలుగు నెలలుగా అది అలాగే ఉందట. పులుసు కాచుకునే గిన్నెలో నట్లు నానుతున్నాయి, ఇడ్లీ పాత్ర మూత కనబడటం లేదు, పిల్లల ఫీజుకని దాచిన డబ్బులో కొంత కార్బురేటరుకి పోయింది. "అక్కయ్యగారూ, నడిచే బండి గుమ్మంలో ఉండగా నడవని బండి మీద ఈ మోజేమిటి? దీన్ని తూకానికి వేయించే ఉపాయం చెప్పండి" అని ఆవిడ గోడు.

2023కి ముందయితే నేనూ మీ పక్షమేనమ్మా. తూకం రాళ్ళు కూడా నేనే పంపేదాన్ని. ఇప్పుడు మాత్రం కాస్త ఆగమంటాను. ఎందుకో చెప్పాలంటే ఇంగ్లండు దాకా వెళ్ళి రావాలి. పొయ్యి మీద ఏమైనా ఉంటే కట్టేసి వచ్చి కూర్చోండి.

మా చెల్లెలు షెఫీల్డులో నర్సు. 2023 సెప్టెంబరులో దాని రెండో కాన్పుకి అమ్మ వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులతో అంతసేపు విమానంలో కూర్చోలేనంది. సరేనని నేను బయల్దేరాను. ఇంటరుతో ఆగిపోయిన నా ఇంగ్లీషు, బాలింతకి కాయం పొడి, రెండు స్వెట్టర్లు, అంతే నా సరంజామా.

వెళ్ళిన మూడో రోజు పొద్దున్న పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గోడ అవతల నుంచి ఒక శబ్దం. డబ్, డబ్, డబ్ అని, భారీ మనిషి నింపాదిగా మెట్లు దిగుతున్నట్టు. చేతిలో తడి గౌను అలాగే పట్టుకుని నిలబడిపోయాను. అది మా నాన్న బండి శబ్దం! తెనాలి పక్క కొల్లిపరలో మా చిన్నప్పుడు రోజూ సాయంత్రం సందు మలుపులో వినపడితే పుస్తకాలు తీసుకుని కూర్చునేవాళ్ళం, ఆ శబ్దం.

గోడ మీంచి తొంగి చూశాను. తప్పే లెండి, కానీ చూశాను. డెబ్బై దాటిన ఒక పెద్దాయన, వేలికొసల దాకా నల్లటి గ్రీజు, ముందర ఒక బండి. నాకు నోట్లోంచి "బులెట్!" అన్న ఒక్క మాటే వచ్చింది. ఆయన తలెత్తి, నన్నూ నా చీరనీ చూసి, పక్కనున్న అట్టపెట్టె పైకెత్తి చూపించాడు. దాని మీద చెన్నై అడ్రసు! నేను నవ్వాను, ఆయనా నవ్వాడు. అలా కలిసింది స్నేహం. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడట. షెఫీల్డు ఉక్కుకి పేరున్న ఊరు కదా, మనింట్లో పాత చాకుల మీద కూడా ఆ పేరు ఉండేది.

సంగతేమిటంటే, బులెట్ పుట్టింది ఇంగ్లండులోనే, రెడ్డిచ్ అనే ఊళ్ళో. మన సైన్యానికి కావలసి వచ్చి, 1955లో మద్రాసులో కంపెనీ పెట్టారు. తర్వాత 1970 నాటికి అక్కడి అసలు కంపెనీయే మూతపడింది. మన తిరువొత్తియూరులో మాత్రం తయారీ ఆగలేదు. పైగా 1977 నుంచి ఇక్కడి బండ్లు అక్కడికి వెళ్ళడం మొదలైంది. అమ్మమ్మ గారింట్లో పట్టడం మానేసిన ఆవకాయ మనవరాలి ఇంట్లో పడుతుంటే, ఆ జాడీలు తిరిగి అమ్మమ్మ ఊరికే పంపిస్తున్నట్టన్నమాట. ఈ పెద్దాయన బండి 1950ల నాటిది, అచ్చంగా అక్కడ పుట్టిందే. కానీ దాని లోపలి భాగాలు సగం మన మద్రాసువి.

అయితే ఆ బండి మా నాన్న బండిలా లేదు. ముందు దీపం లేదు. సీటు పీట ముక్కంత. పొగగొట్టం కింద ఉండాల్సింది నడుం ఎత్తులో పక్కగా పైకి పోతోంది. ఇంజను కింద ఒక దళసరి రేకు బిగించి ఉంది. వెనక చక్రం పళ్ళ బిళ్ళ అయితే మన అన్నం కంచమంత. ఇదేమిటండీ సగం బట్టలు కట్టుకున్నట్టుంది అని (చెల్లెలి ద్వారా) అడిగితే, "ఇది ట్రయల్స్ బండి" అన్నాడు.

మోటారు సైకిళ్ళ పోటీ అంటే నాకు తెలిసింది ఒకటే, ఎవరు ముందు వస్తే వాళ్ళు గెలుస్తారు. ట్రయల్స్‌లో దానికి పనే లేదు. కొండ పక్కనో, పాత రాతి క్వారీలోనో, వాగులోనో ఇరవై ముప్పై గజాల దారిని రెండు పక్కలా గుర్తులు పెట్టి ఒక సెక్షన్ అంటారు. బండరాళ్ళు, చెట్ల వేళ్ళు, బురద, అడ్డదిడ్డపు మలుపులు, ఇవన్నీ అందులో ఉంటాయి. అక్కడ ఒక పరిశీలకుడు కాగితం పెట్టుకుని నిలబడతాడు. బండి మీద మనిషి కాలు కింద పెట్టకుండా ఆ దారి దాటాలి. దాటితే సున్నా. ఒకసారి కాలు ఆనిస్తే ఒకటి, రెండుసార్లయితే రెండు, మూడు గానీ ఇంకెన్నిసార్లు గానీ ఆనిస్తే మూడు. పడిపోయినా, గుర్తులు దాటి బయటికి పోయినా అయిదు. సాయంత్రానికి ఎవరి లెక్క తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. మా అబ్బాయి పదో తరగతి లెక్కల మార్కులు ఈ పద్ధతిలో వేస్తే బాగుండేదనిపించింది.

ఇది పిల్లకాయల ఆట అనుకోకండి. స్కాట్లండులో ఆరు రోజుల ట్రయల్ మొదలై వందేళ్ళు దాటింది, యుద్ధాలప్పుడూ, మొన్న కరోనాలోనూ ఆగింది కూడా. ఇప్పుడది ఫోర్ట్ విలియం అనే ఊరి చుట్టూ జరుగుతోంది. అందులో 1952లోనూ 1957లోనూ గెలిచింది జానీ బ్రిట్టెన్, ఎక్కిన బండి బులెట్. అంతకు ముందే 1948లో ఇటలీలో శాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో బులెట్లెక్కిన ఇద్దరికి బంగారు పతకాలు వచ్చాయి, వాళ్ళలో ఒకరు ఈ జానీ తండ్రి విక్ బ్రిట్టెన్. అప్పటి ట్రయల్స్ బండ్లకి వెనకాల స్ప్రింగులు ఉండేవి కావు. చక్రం గట్టిగా ఉంటేనే నేల పట్టు దొరుకుతుందని వాళ్ళ నమ్మకం. బులెట్ స్ప్రింగులతో వస్తే పెదవి విరిచారట. గెలిచాక అందరూ అదే దారి పట్టారు. మనం మట్టి రోడ్ల మీద నడుము నొప్పి లేకుండా తిరిగామంటే ఆ వెనక స్ప్రింగుల పుణ్యమే.

ఇంకో పేరు సామీ మిల్లర్. ఏరియల్ అనే అయిదు వందల సి.సి. బండిని గ్రాము గ్రాము తగ్గించుకుంటూ చెక్కి, దాని మీద లెక్కలేనన్ని పోటీలు గెలిచాడు. అలాంటివాడు 1964 చివర్లో బుల్టాకో అనే స్పెయిన్ కంపెనీకి వెళ్ళి, చిన్న తేలికపాటి బండి తయారు చేయించి, 1965లో స్కాట్లండు పోటీ దాని మీదే గెలిచాడు. దాంతో బరువైన ఇంగ్లీషు బండ్ల కాలం చెల్లిపోయింది. అందుకే ఇప్పుడు పాత బండ్లతో ఆడే పోటీలకి "ప్రీ సిక్స్‌టీ ఫైవ్" అని పేరు. ఇప్పటి ట్రయల్స్ బండి డెబ్బై కిలోల లోపే ఉంటుంది. పెద్దాయన బులెట్ దానికి దాదాపు రెట్టింపు. "కొత్తది కొనుక్కోవచ్చుగా?" అన్నాను. "కొత్తదాన్ని మనం ఎత్తి పెట్టొచ్చు. దీన్ని ఒప్పించాలి" అన్నాడు.

ఆడవాళ్ళు ఎక్కేవారా అని అడిగాను. అడక్కుండా ఉంటానా? 1927లో అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో ఇంగ్లండు తరఫున ముగ్గురు ఆడవాళ్ళ జట్టు, మార్జొరీ కాటిల్, ఈడిత్ ఫోలీ, లూయీ మెక్లీన్, వెండి కప్పు పట్టుకొచ్చారట. మన అమ్మమ్మలు ఎడ్లబండి దిగితే తలమీద ముసుగు సర్దుకుంటున్న రోజులవి. ఇంకొకావిడ ఓల్గా కెవెలోస్. యుద్ధకాలంలో లండన్‌కీ బర్మింగ్‌హామ్‌కీ మధ్య కాలవల్లో సరుకుల పడవలు నడిపింది. యుద్ధం అయ్యాక మోటారు సైకిలెక్కింది. 1949లోనూ 1953లోనూ ఆ అంతర్జాతీయ పోటీలో బంగారు పతకాలు సాధించింది. మిగతా రోజుల్లో కాఫీ హోటలు చూసుకునేది. ఈ చివరి ముక్కే నాకు ఎక్కువ నచ్చింది. గ్లాసులు కడిగిన చెయ్యే పతకం పట్టుకుంది.

ఇక పెద్దాయన ఇల్లాలి సంగతి. నరసరావుపేట సోదరీ, ఇక్కడ జాగ్రత్తగా వినండి.

ఒకరోజు ఆవిడ టీకి పిలిస్తే వెళ్ళాను. వంటింట్లో ఓవెన్‌లోంచి వస్తున్నది కేకు వాసన కాదు. లోపల ఇంజను పెట్టె! నేను తెల్లబోయాను. ఆవిడ మాత్రం కప్పులు కడుగుతూ, "నా ఓవెన్ కాదమ్మా, ఇది ఆయన ఓవెన్. పెళ్ళయిన తొలి ఏడాదే వేరు కాపురం పెట్టించాను" అంది. విషయం ఏమిటంటే ఇంజను పెట్టె అల్యూమినియం, అందులో కూర్చునే బేరింగు ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ సాగుతుంది. అందుకని పెట్టెని ఓవెన్‌లో వేడిచేసి, బేరింగుని ఫ్రీజర్‌లో పెట్టి, తీసి వేస్తే సుత్తి దెబ్బ లేకుండా జారి కూర్చుంటుంది. సుత్తితో కొడితే పెట్టె పగులుతుంది. తగినంత కాలిందో లేదో ఎలా తెలుస్తుందంటే, ఆయన వేలు తడిపి ఒక నీటి చుక్క దాని మీద వేశాడు. చుయ్‌మంది. మనం దోసె పెనం చూసుకునేది అలాగేగా! నాకు ఆ క్షణంతో ఈ విద్య అంటే భయం పోయింది.

తుప్పు పట్టిన పెట్రోలు ట్యాంకు శుభ్రం చేసే పద్ధతీ ఆవిడే చెప్పింది. మన కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు. లీటరు గోరువెచ్చటి నీళ్ళకి యాభై నుంచి వంద గ్రాములు కలిపి, ట్యాంకు నిండా పోసి ఒక రోజు ఉంచాలి. నల్లటి నీళ్ళు వంచేసి, తినే సోడా కలిపిన నీళ్ళతో తొలిచి, మంచినీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. వెంటనే అంటే వెంటనే. మధ్యలో టీ.వీ. చూడ్డానికి వెళితే గంటలో మళ్ళీ తుప్పు పొర కడుతుంది. ముందుగా ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయడం మాత్రం మరవకండి.

బండి లోపల ఇంకో అందం ఉంది. ఇంజనులో రెండు బరువైన ఇనప చక్రాలుంటాయి. మన తిరగలి రాయి ఒకసారి తిరగడం మొదలెడితే చేయి తేలికైపోతుంది చూడండి, అలాగ. ఆ బరువు వల్లే బండి మనిషి నడకంత నెమ్మదిగా వెళుతున్నా ఆగిపోదు, డబ్... డబ్... అంటూ రాయి ఎక్కేస్తుంది. టైర్లలో గాలి కూడా అతి తక్కువ, చదరపు అంగుళానికి నాలుగైదు పౌండ్లు. మన రోడ్డు బండికి ఇరవై దాటి పెడతాం. మెత్తగా ఉంటే టైరు రాయిని అరచేత్తో పట్టుకున్నట్టు పట్టుకుంటుందట. అంత తక్కువ గాలికి టైరు రిమ్ము మీద జారిపోకుండా లోపల బిగింపు బోల్టులుంటాయి.

ఏది మార్చాలి, ఏది ఉంచాలి అన్న దగ్గర ఆయన చాలా మొండి. బ్రేకులు, కేబుళ్ళు, బేరింగులు కొత్తవి. ట్యాంకు మీద సొట్టలు మాత్రం సరిచేయనన్నాడు. ఆ సొట్టలు ఎవరో ఎప్పుడో పడ్డ గుర్తులు, తనవి కావు కనక తీసే హక్కు లేదన్నాడు. అది చాదస్తం అని నా ఉద్దేశం. కానీ మా అత్తగారి సొట్ట బిందె నేనూ మాటు వేయించలేదు లెండి, ఎందుకో.

అక్టోబరులో ఒక ఆదివారం వాళ్ళతో పాటు డెర్బీషైరులో ఒక పాత క్వారీలో జరిగిన క్లబ్బు పోటీకి వెళ్ళాను. చెల్లెలు "అక్కా, జలుబు చేస్తుంది" అంటున్నా వినలేదు. సన్నటి తుంపర, బూడిదరంగు రాళ్ళు, ఫ్లాస్కుల్లో టీ. ప్రేక్షకులంటూ పట్టుమని ముప్పై మంది లేరు. చప్పట్లు లేవు, అరుపులు లేవు. పద్దెనిమిదేళ్ళ పిల్ల నుంచి మా పెద్దాయన దాకా ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఆగి, బండి దిగి, ఆ దారిని ముందు కాళ్ళతో నడిచి చూసుకుని, మళ్ళీ వెళ్ళి ఎక్కడం. నాలుగో సెక్షన్‌కి పరిశీలకురాలు ఎవరనుకున్నారు? పెద్దాయన భార్యే! గొడుగు, అట్ట, పెన్సిలు.

ఆయన లేచి నిలబడి, మోకాళ్ళు సడలించి, వాగులోకి దింపాడు. ముందు చక్రం ఒక రాయెక్కింది, దిగింది. బండి ఎడమకి వాలింది, ఆయన ఒళ్ళు కుడికి పోయింది. చూపు మాత్రం చక్రం వైపు లేదు, పది అడుగుల అవతల గట్టు మీదే ఉంది. ఒక్క చోట, నాచు మీద, కాలు కదిలింది. ఆనిందా లేదా? నా కళ్ళకి ఆనలేదు. గట్టెక్కి ఇంజను ఆపి ఆవిడ వైపు చూశాడు. "ఒకటి" అని రాసేసింది. ఆయన ఏదో అనబోయాడు. ఆవిడ పెన్సిలు చెవి వెనక పెట్టుకుని "తర్వాతి వాళ్ళు" అంది.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. కారణం చెప్తాను.

మా నాన్న పశువుల డాక్టరు. కృష్ణ ఒడ్డు లంక గ్రామాల్లో ఆయన తిరగని గట్టు లేదు. 1974 మోడల్ నల్ల బులెట్. ఒక పక్క కాలవ, ఒక పక్క చేను, మధ్యన మూరెడు గట్టు, రేగడి బురద, వెనక సీటుకి మందుల పెట్టె. ఆ దార్లలో ఆయన ఏ పోటీ పేరూ తెలియకుండా రోజూ చేసింది ఇదే. 1998లో వానాకాలం, ఈనలేక అవస్థ పడుతున్న గేదె కోసం రాత్రిపూట వెళుతూ గట్టు మీద బండి జారితే, పడిపోకుండా కాలు ఆనించారు. నూటఅరవై కిలోల పైబడిన బండి ఆ కాలి మీద ఒరిగింది. ఎముక రెండు చోట్ల విరిగింది. మూడు నెలలు మంచం. ఆ తర్వాత జీవితాంతం కుంటుతూనే నడిచారు. బండి కొట్టంలోకి పోయింది, మీద పట్టా పడింది. అమ్మ దాన్ని పేరు పెట్టి పిలవడం మానేసి "ఆ మాయదారిది" అనేది. తమ్ముడికి నేర్పారు గానీ నాకు నేర్పమంటే "ఆడపిల్లవి, కాలు అందదు" అనేవారు నాన్న. ఇంతకీ తమ్ముడు నాకంటే పొట్టి.

నాన్న 2019లో పోయారు. నేను ఇంగ్లండులో ఉండగానే తమ్ముడు బెంగుళూరు నుంచి ఫోను చేశాడు. "అక్కా, ఆ బండి ఎవరో అడుగుతున్నారు. కోసి కొత్త ఫ్యాషనుగా చేసుకుంటారట. మంచి రేటు. అమ్మ కూడా తీసేయమంటోంది" అని. క్వారీ నుంచి వచ్చిన రాత్రి నేను తిరిగి ఫోను చేశాను. "ఆ రేటు నేనిస్తా" అన్నాను. మావారు ఫోన్లో పావుగంట మాట్లాడలేదు. అది మంచికా చెడ్డకా అని అడగలేదు, నా రెండు గాజులు తాకట్టుకి వెళతాయని చెప్పేశాను.

డిసెంబరులో తిరిగొచ్చి పట్టా తీస్తే ఎలకల గూడు. పిస్టను బిగుసుకుపోయింది. తెనాలిలో నాన్న బండి చూసిన పాత మెకానిక్ తాతే ఇంకా ఉన్నాడు, కళ్ళు కాస్త మందగించాయి. ఇంజనులో నూనె పోసి పన్నెండు రోజులు నానబెట్టాక కదిలింది. బేరింగులప్పుడు మా పాత ఓవెన్ బలైంది, దాన్లో ఇక కేకులు లేవు. నీటి చుక్క వేసి చూడమంటే తాత నా మొహం చూసి, "మీ నాయన కూడా ఇట్టాగే అడ్డంపడేవాడమ్మా పనికి" అన్నాడు. ట్యాంకు నేనే కడిగాను, కిలోంపావు నిమ్మ ఉప్పు పట్టింది. ఇప్పటి పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఎథనాలు కలుపుతున్నారు, అది పాత రబ్బరు గొట్టాల్ని మెత్తబరుస్తుంది కనక అవన్నీ కొత్తరకం వేయించాం. కాగితాల పని వేరే రామాయణం. చనిపోయినవారి బండి పేరు మార్చడానికి ఫారం 31, వారసుల సర్టిఫికెట్టు. యాభై ఏళ్ళు దాటిన బండ్లకి 2021 నుంచి వింటేజ్ నంబరు ఇస్తున్నారు, కానీ దానితో రోజూ తిరగకూడదు. ఎగ్జిబిషన్లో పెట్టుకోవడానికా నేను చేయించింది? మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకున్నాం.

ఏడు నెలలు పట్టింది. మొదటిసారి స్టార్టు చేసిన రోజు అమ్మ లోపల గదిలో తలుపేసుకుని పడుకుంది. తాత చెప్పినట్టే చేశాను. తాళం తిప్పి, కిక్కు మెల్లగా నొక్కుతూ గట్టి తగిలిన చోట ఆపి, డీకంప్రెషను మీట పట్టి, ఆంపియర్ మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా ఒక పిసరు కిందకి జరిపి, మీట వదిలి, అప్పుడు పూర్తి బలంతో ఒక్క తన్ను. అయిదోసారికి అందుకుంది. నాకు చేతులు వణికాయి.

తలుపు తెరుచుకుంది. అమ్మ గడప దగ్గర నిలబడి కాసేపు విని, "ఇది మనది కాదే" అంది.

"అదేంటమ్మా, మనదే."

"గొంతు మనది కాదు. గొట్టం మార్చారా?"

నిజమే. పాత సైలెన్సరు అడుగు పుచ్చిపోయిందని తాత కొత్తది వేశాడు. ఇరవై అయిదేళ్ళుగా ఆ మాయదారి బండి మొహం చూడని మనిషి అది పట్టేసింది. మర్నాడు పాత గొట్టం తుక్కులోంచి తీయించి, రేకు అతికించి వెల్డింగు చేయించాం. రెండోసారి విని అమ్మ ఏమీ అనలేదు. వెళ్ళి కాఫీ పెట్టింది, తాతకి కూడా.

ఇంతకీ నరసరావుపేట సోదరికి నా జవాబు. బండి మాట తర్వాత, ముందు దాని చోటు మార్పించండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాక్కుంటూ వరండా నుంచి వంటింటి పొయ్యి దాకా వస్తుంది. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు, ఇవాళే చెప్పండి. ఆయనకో గిన్నె, ఓ బ్రష్షు, ఓ పాత బక్కెట్టు వేరుగా ఇచ్చి, మీవి ముట్టుకుంటే అన్నం పెట్టనని చెప్పండి. ఫీజు డబ్బు జోలికి వెళ్ళడం మాత్రం తప్పే, అది ఆయన ఒప్పుకోవాలి. నెలకి ఇంత అని ఒక డబ్బా పెట్టండి, అందులో ఉన్నంతే. విప్పిన ప్రతి ముక్కకీ ఒక చీటీ కట్టారో లేదో చూడండి. కట్టి ఉంటే ఆ బండి ఏనాటికైనా లేస్తుంది. కట్టకపోతే మీరే కట్టడం మొదలుపెట్టండి. మన జాడీల మీద అంటించుకునే చీటీలే. తూకానికి వేసే ముందు ఒకసారి ఆయన్ని కూర్చోబెట్టి, ఇది ఎవరి బండిలాంటిది అని అడిగి చూడండి. జవాబు ఏమొస్తుందో నాకూ రాయండి.

నా సంగతా? స్కూటీ లైసెన్సుతో గేరు బండి నడపకూడదు కనక మళ్ళీ ఎల్.ఎల్.ఆర్. తీసుకున్నాను, యాభై దగ్గర పడుతూ. ఆదివారాలు కొల్లిపర వెళ్ళి పెరట్లో ముగ్గుపిండితో దారి గీసుకుని, ఇటుకలు పెట్టుకుని, మొదటి గేరులో ఎనిమిది అంకె వేస్తాను. నాది రోడ్డు బండే, ట్రయల్స్ బండి కాదు. సొట్టలు కూడా ఉంచేశాను, పెద్దాయన గాలి సోకిందేమో. మలుపులో కాలు దిగిపోతుంది, దించాలనిపించిన చోటే దించకూడదని తెలిసినా సరే. అమ్మ నులకమంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఉంటుంది. మొన్న ఆదివారం దిగి చెమట తుడుచుకుంటూ, "ఇవాళ పదకొండేనమ్మా" అన్నాను.

"పన్నెండు. జామచెట్టు దగ్గర ఆనించింది నేను చూళ్ళేదనుకున్నావా?" అంది.